సముద్రం థీమ్‌తో నాలుగో పుట్టినరోజు: ఏ రోజు ఏది చేసి పెట్టుకోవాలి?

అలలు_గవ్వలు:
శనివారం సాయంత్రం 4 నుంచి 6 వరకు పాప పుట్టినరోజు. 12 మంది పిల్లలు, అందరూ మూడు నుంచి ఐదేళ్ల లోపు. పెద్దవాళ్లు 8 మంది. థీమ్ సముద్రం. తినేవన్నీ ఇంట్లోనే చేయాలనుకుంటున్నాను. జాబితా ఇది: నీలం బటర్‌క్రీమ్‌తో రెండు పొరల కేకు, చేప బిస్కెట్లు, తెల్ల చాక్లెట్ శంఖాలు, నీలం జెల్లీ, నురగలా కనిపించడానికి పాప్‌కార్న్, పుల్లకు గుచ్చిన ద్రాక్షపళ్లు.

ఇబ్బందులు: గదిలో ఏసీ లేదు, ఆ వేళకి 30 డిగ్రీలు ఉంటుంది. ఒకటే ఫ్రిజ్, చిన్న ఓవెన్. ఒక బాబుకి వేరుశెనగ పడదు, ఇంకో పాప గుడ్డు తినదు. ఏది ముందుగా చేసుకోవచ్చు, ఏది అదే రోజు చేయాలి? నీలం రంగు కలిపితే ఆకుపచ్చ అవుతుందని చాలామంది అంటున్నారు, ఎందుకు?

కొలతల_గిన్నె:
ముందు ఆ 30 డిగ్రీల సంగతి తేల్చుకోండి. మీ జాబితాలో సగం దాని మీదే ఆధారపడి ఉంది. వెన్న 20 దాటితే మెత్తబడుతుంది, 32-35 మధ్య కరిగిపోతుంది. అంటే మామూలు బటర్‌క్రీమ్ మీ గదిలో అరగంటకి జారడం మొదలవుతుంది. మార్గం: వెన్న మొత్తం వాడకుండా సగం వెన్న, సగం వెజిటబుల్ షార్టెనింగ్ (నూనెల నుంచి చేసే, గట్టిగా ఉండే తెల్ల కొవ్వు) తీసుకోండి. 20 సెంటీమీటర్ల రెండు పొరల కేకుకి ఉప్పు లేని వెన్న 150 గ్రాములు, షార్టెనింగ్ 150, జల్లించిన ఐసింగ్ షుగర్ 600, పాలు 2-3 టేబుల్ స్పూన్లు, వెనిల్లా ఒక టీ స్పూను. రుచి కొంచెం తగ్గుతుంది, కాదనను. కానీ నిలబడుతుంది.

ఆకుపచ్చ ఎందుకు వస్తుందంటే, వెన్న పసుపు కాబట్టి. పసుపులో నీలం పడితే ఇంకేమవుతుంది! చక్కెర వేయకముందే వెన్నని బీటర్‌తో ఐదారు నిమిషాలు గిలక్కొడితే అందులో గాలి చేరి తెల్లబడుతుంది. షార్టెనింగ్ ఎటూ తెలుపే, కనుక మీకు పని ఇంకా తేలిక. అప్పటికీ పచ్చదనం కనిపిస్తే ఊదా రంగు జెల్ ఒక్క చుక్క, అదీ టూత్‌పిక్ మొనకి అంటినంత. ఊదా పసుపుని మింగేస్తుంది. నీళ్లలా ఉండే రంగు వద్దు, జెల్ రంగే వాడండి. నీళ్ల రంగు చిక్కగా రావాలంటే చాలా పోయాలి, క్రీమ్ పలచనైపోతుంది. ఇంకో మాట: రంగు కలిపాక మూడు నాలుగు గంటల్లో ఒక ఛాయ ముదురుతుంది. మీకు కావాల్సిన దానికంటే లేతగా ఉన్నప్పుడే ఆపేయండి. ముదురు నీలం పిల్లల పళ్లకీ నాలుకకీ బట్టలకీ అంటుకుంటుంది. లేత నీలంతో మొదలుపెట్టి కింది అంచున మాత్రమే కొంచెం ముదురు చేస్తే సముద్రంలాగే ఉంటుంది, రంగూ తక్కువ పడుతుంది.

కేకు మొత్తం గుడ్డు లేకుండానే చేయండి. ఒక పాప కోసం విడిగా ఇంకోటి చేయడం దండగ. ఒక పొరకి: పెరుగు 250 గ్రాములు, చక్కెర 150, వాసన లేని నూనె 120 మిల్లీలీటర్లు, మైదా 190 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీ స్పూను, వంటసోడా అర టీ స్పూను, వెనిల్లా ఒక టీ స్పూను. పెరుగులో చక్కెర కరిగించి, సోడా, బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే బుడగలు వస్తాయి. అప్పుడు నూనె, వెనిల్లా, చివర్లో మైదా రెండు విడతలుగా. పిండి కనిపించకుండా పోగానే చెయ్యి ఆపాలి. ఇంకా కలిపితే జిగురు సాగి కేకు రబ్బరులా వస్తుంది. 180 డిగ్రీలలో 30-35 నిమిషాలు. మొదటి 20 నిమిషాలు ఓవెన్ తలుపు తెరవొద్దు, మధ్యలో కుంగిపోతుంది.

మీ ఓవెన్‌లో ఒక టిన్నే పడితే రెండు పొరలకీ పిండి ఒకేసారి కలపకండి. ఈ పిండికి వేచి ఉండే ఓపిక లేదు. మొదటిది కాలేలోపు రెండోదాంట్లో బుడగలన్నీ పోయి పలకలా తయారవుతుంది. మొదటిది బయటికొచ్చాక రెండోది కలపండి.

నూనె కేకు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు. వెన్న కేకుకి ఆ సౌకర్యం లేదు. గురువారం రాత్రి కాల్చి, పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఫ్రిజ్‌లో. శుక్రవారం రాత్రి పలచటి మొదటి పూత, అరగంట ఫ్రిజ్, తర్వాత అసలు పూత. శనివారం కోసే ముందు 30-40 నిమిషాలు బయట. చల్లటి కేకు మీద చెమట పడుతుంది. దాన్ని తుడవకండి, రంగు చారలవుతుంది. దానంతటదే ఆరిపోతుంది. బిస్కెట్ పొడి "ఇసుక" కేకు మీద కోసే ముందే చల్లాలి, రాత్రే చల్లితే పొద్దుటికి తడి మట్టి.

చేప_అచ్చు:
తెల్ల చాక్లెట్ శంఖాలు జాబితాలోంచి తీసేయండి. అసలైన తెల్ల చాక్లెట్ 30 డిగ్రీల గదిలో బల్ల మీదే మెత్తబడి వేళ్లకి అంటుకుంటుంది. చెయ్యాల్సిందే అంటారా, కాంపౌండ్ చాక్లెట్ తీసుకోండి. అందులో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది, టెంపరింగ్ (మెరుస్తూ గట్టిపడేలా కొలిచిన వేడిలో కరిగించి చల్లార్చడం) అక్కర్లేదు, వేడికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. కరిగించేటప్పుడు ఒక్క నీటి బొట్టు పడినా ముద్దకట్టి ఇసుకలా అయిపోతుంది. మీ దగ్గరున్న జెల్ రంగు కూడా నీటితో చేసిందే. అది కలిపినా అదే గతి. చాక్లెట్‌కి నూనెలో కలిసే రంగు వేరే ఉంటుంది.

దానికంటే బిస్కెట్ పిండితోనే చేపలూ నక్షత్ర చేపలూ గవ్వలూ కోస్తే ఒక పని తగ్గుతుంది. మైదా 300 గ్రాములు, వెన్న 200, పొడి చక్కెర 100, చిటికెడు ఉప్పు. గుడ్డు లేదు. బేకింగ్ పౌడర్ వేయకండి, వేస్తే చేప ఉబ్బి తోక మాయమవుతుంది. పిండిని రెండు బటర్ పేపర్ల మధ్య 5 మిల్లీమీటర్ల మందాన వత్తి, పేపర్లతో సహా ఫ్రిజ్‌లో అరగంట. కోసిన ముక్కల్ని ట్రేలో పేర్చాక మళ్లీ 15 నిమిషాలు. ఆ రెండో చల్లదనాన్ని వదిలేసేవాళ్లే "అచ్చు రాలేదు" అంటారు. 170 డిగ్రీలలో 12-14 నిమిషాలు, అంచు బంగారు రంగు తిరగ్గానే తీసేయాలి. వేడిగా ఉన్నప్పుడు విరుగుతాయి, ట్రేలోనే ఐదు నిమిషాలు ఉంచండి. 6 సెంటీమీటర్ల చేపలు సుమారు నలభై వస్తాయి. గాలి చొరని డబ్బాలో వారం ఉంటాయి, కాబట్టి మంగళ, బుధవారాల్లోనే కానిచ్చేయండి.

పూతకి 200 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం. స్పూనుతో తీసి వదిలితే పడిన గీత 10-12 సెకన్లలో కలిసిపోవాలి. అంతకంటే త్వరగా కలిసిపోతే అంచు దాటి కారుతుంది, కొంచెం చక్కెర కలపండి. పచ్చి గుడ్డు తెల్లసొనతో చేసే ఐసింగ్ చిన్నపిల్లలకి వద్దు, మీకైతే గుడ్డు సమస్య కూడా ఉంది. పూత పూర్తిగా ఆరాకే కన్ను చుక్క పెట్టండి. రాత్రంతా మూత లేకుండా బయటే ఆరాలి. ఫ్రిజ్‌లో పెడితే చెమ్మ పట్టి జిగటగా ఉండిపోతుంది.

అలలు_గవ్వలు:
చాలా ఉపయోగపడింది. చాక్లెట్ తీసేశాను. జెల్లీ మాటేమిటి? జెలటిన్ వాడకుండా, వీలైతే సీసా రంగు లేకుండా నీలం రావాలి. ముందురోజే చిన్న చిన్న కప్పుల్లో పోసి పెట్టుకోవచ్చా?

నీలి_చెంబు:
జెలటిన్ వద్దనుకోవడమే మంచిదైంది. అది మీ గది వేడికే కరిగి కారుతుంది. చైనా గ్రాస్ అని అమ్మే అగర్ అగర్ పొడి తీసుకోండి. 35-40 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే 85 దాకా వేడి కావాలి. బల్ల మీద రెండు గంటలున్నా కదలదు.

నీలానికి శంఖుపూలు. సముద్రం థీమ్‌కి పేరు కూడా కలిసొచ్చింది! ఎండిన పూలు 15-20, మరిగిన నీళ్లు 200 మిల్లీలీటర్లు, పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. నిమ్మరసం పడితే ఊదాగా మారుతుంది, కాబట్టి నీలం కావాల్సిన పొరలో పులుపు ఏదీ వద్దు. దీన్ని కేకు పిండిలో వాడదామనుకోకండి, సోడాకీ ఓవెన్ వేడికీ ఆ నీలం నిలవదు.

కొలత: మొత్తం ద్రవం 600 మిల్లీలీటర్లు, అగర్ పొడి 3 గ్రాములు, అంటే ఒకటిన్నర టీ స్పూను, చక్కెర 60 గ్రాములు. పొడిని చల్లటి 400 నీళ్లలో కలిపి, కలుపుతూనే కాచి, మరిగాక రెండు నిమిషాలు ఉంచాలి. మరగకపోతే పొడి సగమే కరిగి, జెల్లీ సరిగా గడ్డకట్టదు. చక్కెర వేసి, దింపి, వేడిగా ఉన్న శంఖుపూల నీళ్లు కలపండి. చల్లటివి పోస్తే అక్కడికక్కడే తీగలు తీగలుగా గడ్డకడుతుంది. తలకి 50 మిల్లీలీటర్ల చొప్పున 12 మందికి సరి.

పాప్‌కార్న్ నురగ బదులు పైన పాల పొర పోయండి: పాలు 200, అగర్ 1 గ్రాము, చక్కెర ఒక టేబుల్ స్పూను. కింది పొర వేలికి కొంచెం అంటుతున్నప్పుడే పోయాలి. పూర్తిగా బిగిసిపోయాక పోస్తే రెండూ విడిపోయి జారతాయి.

ముందురోజు పొద్దున చేస్తే శనివారానికి నీరు ఊరుతుంది. శుక్రవారం రాత్రి చేయండి. కప్పుల విషయం మాత్రం జాగ్రత్త: నోట్లోకి ఒక్కసారిగా జారిపోయే చిన్న గుండ్రటి కప్పులు వద్దే వద్దు. అలాంటి జెల్లీ గొంతులో అడ్డం పడుతుంది. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న గిన్నెల్లో పోసి స్పూను ఇవ్వండి. నేను చెప్పిన కొలత మెత్తగా వచ్చేది. "ఇంకా గట్టిగా ఉంటే బావుంటుంది" అని పొడి పెంచకండి.

పన్నెండు_గ్లాసులు:
గొంతులో అడ్డం పడే మాట వచ్చింది కాబట్టి, మీ మొదటి జాబితాలో అలాంటివి ఇంకో రెండు ఉన్నాయి. పాప్‌కార్న్ ఈ వయసుకి వద్దు. ద్రాక్షని పుల్లకి గుచ్చడం కూడా వద్దు, పుల్లతో పరిగెత్తే నాలుగేళ్ల పిల్లల్ని ఆపలేం. ప్రతి ద్రాక్షనీ నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. అడ్డంగా కోస్తే గుండ్రటి బిళ్లే మిగులుతుంది, ప్రమాదం అలాగే ఉంటుంది. మార్ష్‌మాలో, గట్టి చాక్లెట్ బిళ్లలు, పలుకులుగా ఉన్న గింజలు కూడా ఇదే కోవ. తినేటప్పుడు అందరూ కూర్చునే తినాలి.

వేరుశెనగ: ఆ బాబుకి విడిగా ప్లేటు పెట్టడం కాదు, ఇంట్లోకే రాకుండా చూడండి. మరిచిపోయే చోట్లు మైదా, చక్కెర కావు. కేకు మీద చల్లే రంగు పూసలు, కాంపౌండ్ చాక్లెట్, కొన్న బిస్కెట్లతో చేసే "ఇసుక", ఇవి. వెనకాల "వేరుశెనగ జాడలు ఉండవచ్చు" అని రాసి ఉంటే తీసి పక్కన పెట్టండి. కేకులో వేసే నూనె ఏ గింజదో కూడా చూసుకోండి. ఇసుకకి చేప బిస్కెట్ల ముక్కల్నే పొడి చేస్తే గొడవే ఉండదు. వాళ్ల అమ్మానాన్నల్ని ముందే అడిగి, ప్యాకెట్లు పారేయకుండా ఉంచి చూపించండి. మెరుపుల పొడి వాడితే "విషం కాదు" అని ఉంటే చాలదు, "తినదగినది" అని ఉండాలి. రెండూ ఒకటి కాదు.

అన్నీ తీపే ఉన్నాయి కదా, ఒక ఉప్పటి పదార్థం పెట్టండి. చీజ్, దోసకాయ శాండ్‌విచ్‌ని మీ చేప అచ్చుతోనే కోయొచ్చు, పిల్లకి రెండు చాలు. దోసకాయ ముక్కలకి ఉప్పు రాసి పది నిమిషాలాగి తుడిచేయండి, బ్రెడ్డుకి రెండు వైపులా వెన్న పూయండి. లేకపోతే తడిసి చిరుగుతుంది. కోశాక తడి గుడ్డ కప్పండి. ఇవి బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, గది 32 దాటితే గంటే.

ఇక సమయం. వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుని కాగితం చేపలకి రంగులేసే పని 4:20 వరకు. ఒక ఆట. 4:45కి శాండ్‌విచ్, పండ్లు. కేకు ముందు పెడితే శాండ్‌విచ్‌ని ఎవరూ ముట్టరు. 4:50కి కేకు ఫ్రిజ్‌లోంచి బయటికి. 5:10కి ఇంకో ఆట, పది నిమిషాలు దాటనివ్వొద్దు. 5:30కి కేకు, జెల్లీ. బిస్కెట్లు ఇంటికి పట్టుకెళ్లే పొట్లంలో.

చేప_అచ్చు:
బుడగల కోసం బెలూన్లు అనుకుంటుంటే, పగిలిన రబ్బరు ముక్కలు ఈ వయసు వాళ్లకి పాప్‌కార్న్ కంటే ప్రమాదం. కాగితం గిన్నెలు బోర్లించి రిబ్బన్లు అతికిస్తే జెల్లీ చేపలవుతాయి, పైకప్పుకి కట్టండి. క్రేప్ కాగితం మాత్రం కేకుకి తగలనివ్వకండి, చెమటకి దాని రంగు క్రీమ్‌లోకి దిగుతుంది.

అలలు_గవ్వలు:
పాప్‌కార్న్, పుల్లలు, బెలూన్లు తీసేశాను. ఒకే ఒక సందేహం: ఆ ఊదా చుక్క మొత్తం క్రీమ్‌లోనా, ఒక గిన్నెలోనా?

కొలతల_గిన్నె:
మొత్తం తెల్ల క్రీమ్‌లో, నీలం వేయకముందు. టూత్‌పిక్ మొనతో ముంచి, క్రీమ్‌లో గీసి, ఒక నిమిషం కలిపి తెల్ల ప్లేటు పక్కన పెట్టి చూడండి. ఇంకా పసుపు కనిపిస్తేనే రెండోసారి. టూత్‌పిక్ ప్రతిసారీ కొత్తది తీసుకోండి, క్రీమ్ అంటిన పుల్ల రంగు డబ్బాలో ముంచితే డబ్బా పాడవుతుంది. కొవ్వొత్తి ఊదడానికి ఒక చిన్న కప్‌కేకు విడిగా పెట్టండి. ఒక పొర పిండిలోంచి రెండు టేబుల్ స్పూన్లు తీస్తే సరిపోతుంది, అది 15 నిమిషాల్లో కాలుతుంది.