వరి నూకల మీద బూజు పెంచి ఎరుపు రంగు తీద్దామా?

మైకో_విశాఖ: మొనాస్కస్ పర్ప్యూరియస్ అనే శిలీంధ్రాన్ని చైనాలో శతాబ్దాలుగా అన్నం మీద పెంచి ఎర్ర రంగు తీస్తున్నారు. తిరువనంతపురంలోని సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలలో పనస గింజల పొడి మీదా పెంచారు. 30 డిగ్రీల వేడి, సరిపడా తేమ ఉంటే చాలు. మన మిల్లుల్లో వ్యర్థంగా మిగిలే నూకలు, తవుడు బోలెడు. ఊరికో చిన్న యూనిట్ పెట్టొచ్చు, రైతుకీ లాభం.

గోదారి_కౌలు: తవుడు గేదెలకీ నూనె మిల్లుకీ పోతుంది. నూకలు కోళ్ల దాణాకీ ఇథనాల్‌కీ పోతాయి. వాటిని వ్యర్థం అనకండి. మిషన్ కోత తర్వాత చేలో కాల్చేది గడ్డి. గడ్డితో అవుతుందా?

మైకో_విశాఖ: అవుతుంది, కానీ గడ్డిలో లిగ్నిన్ (కాడని గట్టిగా ఉంచే పదార్థం) ఉంటుంది. ముందు క్షారంతోనో ఆవిరితోనో మెత్తబరచి, ఎంజైములతో చక్కెర విడగొట్టాలి. నూకలకి ఆ బాధ లేదు.

గోదారి_కౌలు: అయితే రైతు పేరెందుకు వాడారు?

ల్యాబ్_కోటు: సిట్రినిన్ సంగతి ఎవరూ ఎత్తరేం? అదే బూజు తయారుచేసే విషం, కిడ్నీలకి చేటు. యూరప్‌లో ఈ బూజుతో పులియబెట్టిన ఎర్ర బియ్యం సప్లిమెంట్లలో దాన్ని 2020 నుంచి కిలోకి 100 మైక్రోగ్రాములకి కట్టడి చేశారు. ఆహార రంగుగా మొనాస్కస్‌కి అక్కడా అమెరికాలోనూ అనుమతి లేదు.

మైకో_విశాఖ: నేనడిగేది బట్టల రంగు గురించి. తిండి మాటే కావాలంటే, బ్లేక్స్లియా ట్రైస్పోరా అనే శిలీంధ్రం నుంచి తీసిన బీటా కెరోటిన్‌ని యూరప్ అనుమతించింది. శిలీంధ్రమంటేనే విషమన్నట్టు మాట్లాడకండి.

చీరాల_నేత: బట్టకైనా ఆ పొడి పీల్చేది పనివాళ్లే కదండీ.

పెడన_అద్దకం: మొనాస్కస్ రంగు పట్టుకీ ఉన్నికీ బాగా అంటుతుంది, నూలుకి అంతగా పట్టదు. పైగా ఎండకి వెలుస్తుంది. మాది నూలు పని. కరక్కాయ, పటిక, మంజిష్ఠ మాకున్నాయి.

మైకో_విశాఖ: సరైన మోర్డెంట్ (రంగుని బట్టకి పట్టించే పదార్థం) వేస్తే నూలుకీ పడుతుంది. మీ పటికా అదే కదా! కొత్తదేది వచ్చినా అడ్డం పడటమేనా?

పెడన_అద్దకం: అడ్డమా? ఎగ్జిబిషన్లో మా దుప్పట్ల పక్క స్టాలులో స్క్రీన్ ప్రింట్లకి "సహజ రంగుల కలంకారీ" అని చీటీ కట్టి సగం ధరకి అమ్మారు. ఉతికితే రంగు పోయింది, తిట్లు మాకు పడ్డాయి. రేపు ట్యాంకులో తీసిన రంగుకీ అదే చీటీ కడతారు. మీ బూజు మీద నాకు పగ లేదు. మా చీటీని మరొకడు వాడుకోవడం ఒప్పుకోను.

మైకో_విశాఖ: ఇది మొదటే చెప్పాల్సింది. ఏ శిలీంధ్రమో, దేని మీద పెంచారో, వెలుగుకి ఎంత నిలుస్తుందో చీటీ మీద రాయిద్దాం. నాకేం అభ్యంతరం లేదు. మీకు నష్టమని ప్రయోగం మాత్రం ఆపను.

గోదారి_కౌలు: చీటీ మీద గడ్డి ధర కూడా రాయిస్తారా? ఒక కంపెనీవాళ్లు గడ్డి కొంటామని మాటిచ్చి మాతో కట్టలు కట్టించారు. లారీ రాలేదు, వానకి కుళ్లిపోయింది. కట్టుకూలి నేనే ఇచ్చాను. నేను కౌలుదారుని, కొనుగోలు ఒప్పంద కాగితం నా పేరున రాస్తారా, భూమి ఆసామి పేరునా?

మైకో_విశాఖ: ఆ కాగితం సంగతి నా చేతిలో లేదండీ.

గోదారి_కౌలు: ఎవరి చేతిలో ఉందో కనుక్కుని చెప్పండి, గడ్డి గురించి అప్పుడు మాట్లాడదాం.