ఏఆర్‌పీటేబుల్స్ తెలుగు గైడ్: మొదటి ఉదాహరణలోనే డ్రాప్ పెట్టొచ్చా?

గాజువాక_కేబుల్:
అందరికీ నమస్కారం. మన విశాఖ కుర్రాళ్ళ కోసం లినక్స్‌లోని ఏఆర్‌పీటేబుల్స్ అనే టూల్ మీద తెలుగులో చిన్న గైడ్ రాస్తున్నాను. లోకల్ నెట్‌వర్క్‌లో "ఈ ఐపీ ఎవరిది? మీ మ్యాక్ అడ్రస్ చెప్పండి" అని మెషీన్లు కేకేసుకోవడమే ఏఆర్‌పీ (మ్యాక్ అంటే నెట్‌వర్క్ కార్డుకుండే సొంత నంబరు). 1982లో ఆర్‌ఎఫ్‌సీ 826 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది. ఆ కేకల్లో ఏది వినాలో ఏది వినక్కర్లేదో ఈ టూల్‌తో చెబుతాం. ఐపీ ప్యాకెట్లని వడకట్టే ఐపీటేబుల్స్‌తో కుదరదు, ఏఆర్‌పీ అసలు ఐపీ ప్యాకెట్టే కాదు కదా. డ్రాఫ్ట్‌లో మొదటి ఉదాహరణ: ఇన్‌పుట్ పాలసీని డ్రాప్‌గా పెట్టడం, అంటే ఏ రూల్‌కీ తగలని కేకలన్నీ పారేయడం, తర్వాత గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారిచ్చే మెషీన్) ఒక్కదాన్ని రానివ్వడం. చెయిన్‌ని, అంటే రూల్స్ వరసని, "గొలుసు" అన్నాను. ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఫార్వర్డ్ అని మూడు గొలుసులు. ఎలా ఉంది?

సీతమ్మధార_మేష్టారు:
బాబూ, ప్రయత్నం బాగుంది. కానీ గొలుసు అంటే మెడలో వేసుకునేది. శాస్త్ర గ్రంథానికి "శృంఖల" ఉండాలి.

ముంతమసాలా:
కుక్కకి కట్టేదీ గొలుసే మేష్టారూ.

రుషికొండ_డెవాప్స్:
ఈ కాలంలో ఇదెందుకు అన్నయ్యా? దీని బదులు వాడే ఎన్ఎఫ్‌టేబుల్స్ 2014లోనే లినక్స్ కెర్నల్ 3.13తో వచ్చేసింది. నీ మెషీన్‌లో ఏఆర్‌పీటేబుల్స్ వెర్షన్ అడిగి చూడు, పక్కన ఎన్ఎఫ్ టేబుల్స్ అని చూపిస్తే లోపల నడిచేది అదే. అందులో ఏఆర్‌పీ ఫ్యామిలీకి ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండే. ఫార్వర్డ్ గొలుసు తీసెయ్.

సీతమ్మధార_మేష్టారు:
శృంఖల.

మధురవాడ_నైట్‌డ్యూటీ:
గొలుసో శృంఖలో తర్వాత చూసుకుందాం. తమ్ముడూ, ఆ మొదటి ఉదాహరణ తీసెయ్. నేను పనిచేసిన ఓ చోట సర్వర్‌కి ఎవరో దొంగ ఏఆర్‌పీ జవాబులు పంపుతున్నారని రాత్రి ఒంటిగంటకి సరిగ్గా ఇదే కొట్టాను. పాలసీ మార్చే పెద్ద పీ, ఇన్‌పుట్, డ్రాప్. ఎంటర్ కొట్టాక ఎస్ఎస్‌హెచ్, అదే దూరం నుంచి సర్వర్‌తో కలిపిన లైను, చక్కగా నడుస్తోంది. ఎల్ఎస్ అని కమాండ్ కొడితే జవాబొచ్చింది. అంతా బాగుంది కదా, గేట్‌వే లైను వచ్చి కొడదామని టీకి వెళ్ళాను. వచ్చేసరికి స్క్రీన్ బిగుసుకుపోయింది. గేట్‌వే దగ్గర మన మ్యాక్ అడ్రస్ గుర్తున్నంతసేపే ఆ ముచ్చట. అది పాతబడి మళ్ళీ "నువ్వెవరు" అని అడిగితే, మన సర్వర్‌కి ఆ కేక వినపడితే కదా! మద్దిలపాలెం నుంచి బండి మీద రుషికొండ వెళ్ళి, వాచ్‌మన్‌ని లేపి, కీబోర్డు తగిలించి తీశాను. ఆ నెల జీతంలో కోత కూడా పడింది. మాన్యువల్లో డ్రాప్ అంటే ఫ్రేమ్‌ని పారేయడం అని ఒక ముక్క ఉంటుంది. నిజమే. కానీ తలుపు మూసుకునేది నువ్వు టీ తాగుతున్నప్పుడని అందులో ఎక్కడుంది?

సీతమ్మధార_మేష్టారు:
అది మాన్యువల్ తప్పు కాదు నాయనా. మాన్యువల్ అన్నది ఆప్షన్ ఏం చేస్తుందో చెబుతుంది. మీ టీ సంగతి దానికెందుకు? ముందు కేష్ (గుర్తుంచుకున్న అడ్రసుల పట్టీ) అంటే ఏమిటో చదువుకోవలసింది.

మధురవాడ_నైట్‌డ్యూటీ:
చదివాను మేష్టారూ, ఆ దెబ్బ తిన్నాక చదివాను. చదివింది ఇంగ్లీషులో. నాకు అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది.

సీతమ్మధార_మేష్టారు:
అదే నేననేది. నాలుగు పేజీల ఇంగ్లీషు మాన్యువల్ చదవలేనివాడి చేతికి, మెషీన్ మీద సర్వాధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ ఇవ్వడమే తప్పు.

ముంతమసాలా:
అయ్యబాబోయ్.

మధురవాడ_నైట్‌డ్యూటీ:
ఇప్పుడు బయటపడింది! పొద్దున్నుంచీ శృంఖల, శృంఖల అని తెలుగు మీద ప్రేమ కురిపించి, చివరికి తెలుగులో చదువుకునేవాడికి రూట్ వద్దంటారా? మరి ఈ గైడ్ ఎవరికి, అల్మారాలో పెట్టుకోడానికా? ఊళ్ళో కేబుల్ నెట్ లాగుతున్న కుర్రాళ్ళ చేతుల్లో రూట్ ఇప్పటికే ఉంది. మీరిచ్చేదేంటి?

సీతమ్మధార_మేష్టారు:
నా మాటని వక్రీకరించకండి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. తెలుగులో సులువుగా రాసిస్తే పిల్లలు అసలు మాన్యువల్ మొహమే చూడరు, అది నా అనుభవం. ఆ తర్వాత ఉద్యోగాలకి వెళ్ళి నన్ను తిడతారు.

రుషికొండ_డెవాప్స్:
మీ ఇద్దరూ కొట్టుకుంటూ ఉండండి గానీ, ఆ ఉదాహరణలో ఇంకో తప్పుంది. గేట్‌వే ఐపీ ఒక్కటే చూసి రానిస్తున్నాడు. దొంగవాడు చెప్పేదీ "ఆ ఐపీ నాదే" అనే కదా! సోర్స్ మ్యాక్ కూడా కలపకపోతే ఆ రూల్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

గాజువాక_కేబుల్:
ఇది నిజంగా నాకు తట్టలేదు, థాంక్స్. మార్చాను, చూడండి. ముందు ఉన్న రూల్స్ చూడటం. తర్వాత పది నిమిషాల్లో పాలసీ తనంతట తనే ఆక్సెప్ట్‌కి (అన్నీ రానివ్వడానికి) వచ్చేలా, చెప్పిన టైముకి పని చేసిపెట్టే ఎట్ కమాండ్ ఒకటి. తర్వాత గేట్‌వే ఐపీ, మ్యాక్ రెండూ కలిపి ఆక్సెప్ట్. డ్రాప్ అన్నిటికన్నా చివర. కింద "ఎస్ఎస్‌హెచ్ ఇంకా నడుస్తోందని నమ్మకండి, టీకి వెళ్ళకండి" అని రాశాను. ఫార్వర్డ్ తీసేశాను. ఎన్ఎఫ్‌టేబుల్స్‌కి వేరే పేజీ రాస్తాను. మేష్టారూ, మీ మాట కాదనలేక "చెయిన్ (శృంఘల)" అని పెట్టాను.

మధురవాడ_నైట్‌డ్యూటీ:
టీ లైను తీయొద్దు తమ్ముడూ.

సీతమ్మధార_మేష్టారు:
"శృంఘల" కాదు, "శృంఖల". ఖ.