ఉద్దానంలో ప్రెప్ మాత్ర ఇవ్వొచ్చా? కిడ్నీల మాటేమిటి?

జీడితోట (సోంపేట వైపు):
హెచ్ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే ప్రెప్ మాత్రని మన జిల్లాలో, హెచ్ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల మధ్య పనిచేసే టీఐ ప్రాజెక్టుల ద్వారా ఉచితంగా ఇప్పించాలని మొన్న ఒక చిన్న సమావేశంలో మాటొచ్చింది. పెద్దాయన ఒకరు వెంటనే లేచి, "ఉద్దానంలోనా? ఉన్న కిడ్నీ జబ్బు చాలదా?" అన్నారు. అంతే, అందరూ గమ్మున అయిపోయారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా డయాలసిస్‌కి తిరిగే మనిషి లేని వీధి తక్కువ. కానీ ఆ ఒక్క మాటతో చర్చ ముగిసిపోకూడదు.

ముందు మాత్ర సంగతి. ఇందులో టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ ఉంటాయి. పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్ మహిళలు కలిపి 2,499 మందితో ఆరు దేశాల్లో జరిగిన ఐప్రెక్స్ ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. మాత్ర ఇచ్చినవాళ్లలో ఇన్ఫెక్షన్లు 44 శాతం తగ్గాయి. రక్తంలో మందు కనిపించినవాళ్లను విడిగా లెక్కేస్తే తగ్గుదల 90 శాతం దాటింది. బ్రిటన్‌లో ప్రౌడ్ అధ్యయనం 86 శాతం చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే, ముప్పు ఎక్కువ ఉన్న ఎవరికైనా ఇవ్వమంది.

టెనోఫోవిర్ కిడ్నీ మీద భారం వేస్తుందన్నది నిజమే. అందుకే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె, 60 కంటే తక్కువ ఉంటే ఈ మాత్ర మొదలుపెట్టరు. ఉద్దానం సర్వేల్లో పెద్దవాళ్లలో అటూ ఇటుగా ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు తేలింది. ఆ ఒక్కరికీ ఇవ్వొద్దు, ఒప్పుకుంటాను. మిగతా నలుగురికి ఎందుకు ఆపాలి?

తీరం మనిషి:
జీడితోట గారూ, లెక్క బాగానే ఉంది. ఊళ్లో మనుషులు లెక్కల ప్రకారం నడవరు. ఇక్కడ నీళ్ల మీద అనుమానం, పురుగుమందుల మీద అనుమానం, కారణం ఇదీ అని ఈరోజుకీ ఎవరూ తేల్చలేదు. రేపు ఈ మాత్ర వేసుకున్న కుర్రాడికి రక్తంలో క్రియాటినిన్ పెరిగి కిడ్నీ దెబ్బతిన్నట్టు కనిపించిందనుకోండి, దానికి వేరే కారణమే ఉండొచ్చు, అయినా నింద మాత్ర మీదికే వస్తుంది. మాత్ర మీదనే ఆగదు కూడా. రక్తపరీక్షకు రమ్మంటే రారు, టీబీ మందు వద్దంటారు. ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేసిన ఆరోగ్య కార్యకర్తల మీద నమ్మకం పోతుంది. కండోమ్ ఉంది కదా, కిడ్నీకి ఏమీ చెయ్యదు, సిఫిలిస్, గనేరియాలను కూడా ఆపుతుంది. ప్రెప్ ఈ రెండింటినీ ఆపదు. ముందు కండోమ్ సరిగ్గా అందేలా చూడండి.

ఇజీనారం పిల్ల:
తీరం మనిషి బావూ, కండోమ్ మాట మాకు సెప్పకు. టీఐలో మావోళ్ల మధ్యే తిరిగే పీర్‌గా పన్జేస్తన్నాను, సంచీ నిండా అవే మోస్తాను. అవతలోడు వొద్దంతే మా కోతీలకి, అంతే ఆడతనం ఉన్న మా మగోళ్లకి, గట్టిగా సెప్పడానికి నోరు రాదు. సెప్తే దెబ్బలు తింటారు, లేపోతే ఆడు మళ్లీ రాడు. మాత్రయితే ఎవుల్నీ అడగక్కర్లేదు, పొద్దున్న అన్నం తిన్నాక ఏసుకుంతారు, ఐపోద్ది.

ఇంకొకటి. మీరంతా ఇది మావోళ్ల గొడవే అనుకుంతన్నారు. మా దగ్గిరికొచ్చే మగోళ్లలో సగానికి సగం పెళ్లాం పిల్లలున్నోళ్లే. ఆళ్లు మా పేరు పెట్టుకోరు, మా మీటింగులకి రారు, హెచ్ఐవీ పరీక్ష సేసే ఐసీటీసీ గుమ్మం తొక్కరు. ఆళ్లింట్లో ఆడమనిషికేటవుద్దో ఎవులైనా ఆలోసించారా?

జీడితోట:
ఇజీనారం పిల్ల చెప్పింది కొత్త సంగతి కాదు. 2005లో లలిత్ దండోనా బృందం ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పురుషులు ఆరు వేల పైచిలుకు మందితో మాట్లాడి ప్రచురించిన అధ్యయనంలో నలభై శాతం దాకా పెళ్లయినవాళ్లే ఉన్నారు. పురుషుల మధ్య సంబంధం నేరం కాదని 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది. తీర్పు వచ్చినంత మాత్రాన మన ఊళ్లల్లో ఎవరూ నోరు విప్పి చెప్పుకోలేదు. హెచ్ఐవీ మన రాష్ట్రంలో దేశ సగటుకి దాదాపు మూడు రెట్లు ఉందన్నది కూడా మర్చిపోవద్దు.

ఇక కిడ్నీ వాదన. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి. ఇప్పుడు ఏఆర్‌టీ కేంద్రంలో హెచ్ఐవీ ఉన్నవాళ్లకి మొదట ఇచ్చే మందు టీఎల్‌డీ. అందులో మొదటి అక్షరం టెనోఫోవిరే. కిడ్నీ బాగోకపోతే మారుస్తారు, లేకపోతే జీవితాంతం అదే. ప్రెప్ అలా కాదు. ముప్పు ఉన్నన్నాళ్లే వేసుకుని మానేయొచ్చు. మాత్ర వల్ల ఈజీఎఫ్ఆర్ కాస్త తగ్గినా, ఆపితే చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. పైగా హెచ్ఐవీ తనంతట తానే కిడ్నీని పాడుచేయగలదు. కాబట్టి కిడ్నీ కాపాడుతున్నామని చెప్పి ఆ కుర్రాడికి నివారణ మాత్ర ఆపితే, రేపు ఇన్ఫెక్షన్ వచ్చాక అదే మందుని బతికున్నంతకాలం మింగిస్తాం. అప్పుడు కిడ్నీ మీద రెండు వైపుల నుంచీ దెబ్బ. దీన్ని జాగ్రత్త అనడానికి నాకు మనసొప్పదు.

ల్యాబ్ అప్ప (పలాస):
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. జీడితోట గారి వాదన నాకు నచ్చింది, కానీ కిందిస్థాయిలో పని ఎలా జరుగుతుందో తెలిసినదాన్ని కాబట్టి కొన్ని చెప్పాలి.

మూత్రంలో పట్టీ ముంచి "ప్రొటీన్ లేదు, కిడ్నీ బాగుంది" అని పంపేస్తే ఇక్కడ పనికిరాదు. ఉద్దానం జబ్బులో ప్రొటీన్ పెద్దగా పోదు, పోయినా చాలా ఆలస్యంగా. సీరం క్రియాటినిన్ చేసి వయసుతో లెక్కగట్టాల్సిందే. అదీ ఒక్కసారి చాలదు. ఎండలో తోటపని చేసి నీళ్లు తాగకుండా వచ్చినవాడికి ఆ రోజు కొంచెం ఎక్కువ చూపిస్తుంది. రెండోసారి చూడకుండా "నీకు కిడ్నీ పోయింది" అనకూడదు, "బాగుంది" అనీ తేల్చకూడదు.

రెండోది, దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకు మాత్రకంటే ఇదే పెద్ద భయం. ఒళ్లునొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం ఇక్కడ రోజూ జరిగే పని. టెనోఫోవిర్ వేసుకునే మనిషి నొప్పి మందులు ఎడాపెడా వాడితే కిడ్నీకి నిజంగా ముప్పు. కౌన్సెలింగ్‌లో కండోమ్ కంటే ముందు ఇది చెప్పాలంటాను. నలభై దాటినవాళ్లకి, మొదట్నుంచీ ఈజీఎఫ్ఆర్ 90 లోపు ఉన్నవాళ్లకి పరీక్షలు దగ్గర దగ్గరగా పెట్టాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా తప్పదు. అది ఉన్నవాడు మాత్ర చటుక్కున ఆపితే లివర్ మీదికి తెస్తుంది.

తీరం మనిషి:
ల్యాబ్ అప్ప చెప్పింది చదివాక నా అనుమానం ఇంకా పెరిగింది. ఇన్ని పరీక్షలు చేయించుకోడానికి ఎవడు వస్తాడు? ఎందుకీ పరీక్ష అని ఇంట్లో అడిగితే ఏం చెప్తాడు?

జీడితోట:
అన్నా, ఉద్దానంలో క్రియాటినిన్ పరీక్షకు వెళ్తే ఎందుకని ఎవరూ అడగరు! మన దగ్గర సిగ్గుపడకుండా చేయించుకునే పరీక్ష ఏదైనా ఉందంటే అదొక్కటే. క్యాంపు పెడితే ఇంటిల్లిపాదీ వస్తారు. పాత రిపోర్టులు బీరువాలో చీరల కింద దాచి ఉంటాయి. వేరే జిల్లాల్లో ప్రెప్ మొదలుపెట్టాలంటే క్రియాటినిన్ అంటే ఏంటో ముందు వివరించాలి. ఇక్కడ చదువురాని ముసలమ్మ కూడా "నాకు ఒకటిన్నర వచ్చింది" అని చెప్తుంది. ఆ అలవాటుని వాడుకుందాం అంటున్నాను. కిడ్నీ పరీక్ష అందరితోపాటే జరగనివ్వండి. హెచ్ఐవీ పరీక్ష, మాత్ర మాత్రం విడిగా, గుట్టుగా ఇవ్వండి. హెచ్ఐవీ వివరం బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతూనే ఉంది.

ఇజీనారం పిల్ల:
ఈ మాట బాగుంది. మావోళ్లు కిడ్నీ క్యాంపంతే వొస్తారు.

తీరం మనిషి:
సరే, మొదటి పరీక్ష అయిందనుకుందాం. మన మత్స్యకారుల కుర్రాళ్లు వేట కాలమంతా గుజరాత్‌లోని వేరావల్‌లో ఉంటారు. నెలల తరబడి బోటు మీద. రెండో పరీక్ష, మూడో పరీక్ష అక్కడ ఎవరు చేస్తారు? నా అభ్యంతరమంతా ఇదే, దీనికి జవాబిస్తే మిగతావి వదిలేస్తాను. ఇంకో మాట, ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ వస్తోందంటున్నారు కదా, అది వచ్చేదాకా ఆగితే ఈ కిడ్నీ తలనొప్పే ఉండదు.

ల్యాబ్ అప్ప:
ఆ ఇంజెక్షన్ లెనకాపవిర్. 2024లో పర్పస్ 2 ట్రయల్‌లో అది వేయించుకున్న 2,179 మందిలో ఇద్దరికే హెచ్ఐవీ వచ్చింది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి కూడా డోసు మార్చక్కర్లేదు. మనకి సరిగ్గా కావలసింది అదే, అందులో సందేహం లేదు. హైదరాబాద్ కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్ ఏడాదికి 40 డాలర్ల ధరకి 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకి ఇస్తామని ప్రకటించాయి. కానీ కంపెనీ తయారు చేయడం వేరు, అది సోంపేట దాకా రావడం వేరు. ఆ మధ్యలో సోకిన ఇన్ఫెక్షన్‌ని ఏ ఇంజెక్షనూ వెనక్కి తీసుకోదు. ఈజీఎఫ్ఆర్ 60 లోపు ఉన్న ఆ ఐదో మనిషికి మాత్రం మొదటి డోసులు దక్కాలని ఇప్పట్నుంచే అడగాలి.

జీడితోట:
వేరావల్ సంగతికి నా జవాబు పూర్తిగా లేదు, సగం ఉంది. కొన్నాళ్లకే ఊరొచ్చే కుర్రాళ్లకి రోజూ మాత్ర అక్కర్లేదు. కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, మొదటి డోసు వేసుకున్న 24 గంటలకి ఒకటి, 48 గంటలకి ఇంకొకటి. ఫ్రాన్స్, కెనడాల్లో ఇపర్‌గే ట్రయల్ ఈ పద్ధతిని పరీక్షిస్తే రక్షణ 86 శాతం వచ్చింది. మందు తక్కువ, కిడ్నీ మీద భారమూ తక్కువ. హార్మోన్లు వాడే ట్రాన్స్ మహిళలకి ఇది చెప్పకూడదు, వాళ్లు రోజూ వేసుకోవాల్సిందే. ఇజీనారం పిల్లా, మీ వాళ్లకి ఈ తేడా నువ్వే గట్టిగా చెప్పాలి.

ఇజీనారం పిల్ల:
సెప్తాను. మరి రోజూ ఏసుకునేవోళ్లు వేరావల్ ఎల్తే?

జీడితోట:
మూడు నెలల మందు ఇచ్చి పంపాలి, పరీక్ష చీటీ చేతిలో పెట్టాలి. అక్కడి ఐసీటీసీ పేరు, అడ్రసు రాసివ్వాలి. అక్కడ హెచ్ఐవీ పరీక్ష ఉచితమే. క్రియాటినిన్‌కి ప్రైవేటు ల్యాబ్ ఖర్చు ప్రాజెక్టు భరించాలి.

తీరం మనిషి:
ఆ ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లో ఒక పద్దుగా రాసి ఉంటే నేను అడ్డు చెప్పను. రాయకుండా "చూసుకుంటాం" అంటే మాత్రం ఒప్పుకోను. సమావేశంలో ఆ పెద్దాయనతో నేనే మాట్లాడతాను. ల్యాబ్ అప్పా, పరీక్షకి ఎంతవుతుందో, ఏడాదికి ఎన్నిసార్లు కావాలో ఇక్కడే రాసిపెట్టండి.