తిరుపతి ఎండల్లో రైనో ర్యాట్ స్నేక్ గుడ్లు: పొదిగేదెట్లా?

రేణిగుంట_కుర్రోడు:
నా దగ్గర కాగితాలన్నీ ఉన్న రైనో ర్యాట్ స్నేక్ జత ఉంది (గోనియోసోమా బౌలెంగెరి, ముక్కు మీద చిన్న కొమ్ములాంటిదున్న పాము). జత కట్టాక ఆడదాని ఒళ్లు వెనక సగం నిండింది, ఎలుకను ముట్టడం లేదు. ఏసీ 25 మీద పెడితే కుబుసం ముక్కలుగా ఊడుతోంది, ఆపితే మధ్యాహ్నానికి గది 34 దాటుతోంది. గుడ్లు పెడితే ఎక్కడ, ఎంత వేడిలో ఉంచాలి? అందరూ హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పరుపు) అంటున్నారు.

కొండపాము:
ముందు కుబుసం సంగతి. ఏసీ వేడితోపాటు తేమనూ లాగేస్తుంది. ఇవి ఉత్తర వియత్నాం, దక్షిణ చైనా కొండ అడవుల పాములు. పగలు 24-27 డిగ్రీలు, తేమ 70 శాతం పైన ఉండాలి. జాలీ పైకప్పును మూడొంతులు అక్రిలిక్ షీటుతో మూసి, పక్కన గాలి రంధ్రాలు వదలండి. అడుగున 8 సెం.మీ. కొబ్బరి పొట్టు, దానిపైన ఎండుటాకులు. పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించినా మధ్యలో పైపొర ఆరాలి, లేకుంటే పొట్ట పొలుసులు కుళ్లుతాయి. చిలకరించడానికి ఆర్‌వో నీళ్లే వాడండి, బోరు నీళ్లకు నాజిల్ ఉప్పు పట్టి మూసుకుపోతుంది. అంటుకున్న కుబుసం పీకొద్దు. తడిగుడ్డ వేసిన డబ్బాలో అరగంట ఉంచి, కంటిపొర, తోక కొస దగ్గర ఇంకా మిగిలిందేమో చూడండి.

గుడ్లపెట్టె:
హీట్ మ్యాట్ ఒక్కటే చాలదు, అది వేడెక్కిస్తుందే గానీ చల్లార్చదు. గదిని 24కి దించి, థర్మోకోల్ పెట్టెను మ్యాట్‌తో 26కి ఎక్కించండి. అప్పుడే థర్మోస్టాట్ (వేడిని బట్టి మ్యాట్‌ను వేసి ఆపే పరికరం) చేతిలో పని ఉంటుంది. దాని ప్రోబ్ (వేడి కొలిచే తీగ కొస) మూత దగ్గర కాదు, గుడ్ల డబ్బాలో ఉండాలి. థర్మోస్టాట్ లోపలి స్విచ్ (రిలే) అతుక్కుపోతే మ్యాట్ ఆగకుండా కాలుస్తుంది కాబట్టి వేరే థర్మామీటర్ కూడా పెట్టండి.

గుడ్లు పెట్టడానికి ఇప్పుడే తడి నాచు నింపిన మూత డబ్బా ఇవ్వండి, చోటు నచ్చకపోతే నీళ్ల తొట్టిలో పెట్టేస్తుంది. గుడ్లు తీసేటప్పుడు పైవైపు పెన్సిల్ గీత పెట్టి, తిప్పకుండా వర్మిక్యులైట్‌లో (తేమ పట్టి ఉంచే ఖనిజపు పలుకులు) సగం పూడ్చండి. వర్మిక్యులైట్, నీళ్లు సమాన బరువు. పిడికిలి బిగిస్తే చుక్క కారకూడదు. మూత కాస్త వాలుగా ఉంటే ఆవిరి చుక్కలు గుడ్ల మీద పడవు. సుమారు 60 రోజులు. మొదట్లోనే సొట్ట పడితే తేమ తక్కువైనట్టు, చివర్లో పడితే కంగారు పడొద్దు. 30 దాటితే పిల్లల వెన్ను వంకర వస్తుంది.

రేణిగుంట_కుర్రోడు:
మేలో కరెంటు పోతే అన్నా?

గుడ్లపెట్టె:
పెట్టెలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు ముందే ఉంచు, వేడి మెల్లగా మారుతుంది. పోయిన కరెంటు రాకపోతే ఐస్ సీసాకు గుడ్డ చుట్టి మూలన పెట్టు, గుడ్లకు తగలనీయొద్దు. మ్యాట్‌కు ఇన్వర్టర్ చాలు, ఏసీకి చాలదు.

పీలేరు_పచ్చిక:
మా తోటలో జెర్రిపోతు గుడ్లున్నాయి, ఇట్లాగే పొదిగించొచ్చా?

కొండపాము:
వద్దు. జెర్రిపోతు వన్యప్రాణి సంరక్షణ చట్టం 2022 సవరణతో షెడ్యూల్ 1లో ఉంది, ఇంట్లో పెంచడం నేరం. గుడ్లు అక్కడే వదిలేయండి. తీయక తప్పకపోతే అటవీ శాఖకే చెప్పాలి.

మదనపల్లె_చలి:
రైనో పిల్లలు బూడిద రంగులో వస్తాయి, పచ్చబడడానికి ఏడాదైనా పడుతుంది. మొదటి కుబుసం విడిచాకే మేత. పింకీ (వెంట్రుకలు రాని ఎలుక పిల్ల) తినకపోతే లోతులేని గిన్నెలో చిన్న గప్పీలు వదలండి, చాలావాటికి మొదట చేపే రుచిస్తుంది. తర్వాత పింకీకి చేప వాసన పట్టించి మార్చుకోవచ్చు. గోల్డ్‌ఫిష్ మాత్రం వద్దు, దానిలోని థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను విరిచేస్తుంది. తల్లి కొన్ని గుడ్లు పెట్టి ఆగిపోయి, మిగతావి లోపలే ఉన్నట్టు తగిలితే నొక్కొద్దు. తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి.