ఎక్కువ రోజులు మన్నే, చవకైన ఆటమైజర్ ఏదైనా ఉందా?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి ఉన్న సిగరెట్టు అలవాటును దుబాయిలో ఉద్యోగం చేస్తున్నప్పుడు వేప్ (ద్రవాన్ని ఆవిరిగా మార్చి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్టు) సాయంతో మానగలిగాను. ఉద్యోగం ముగించుకుని బరంపురం వచ్చేసిన తరువాత దాని ఆటమైజర్, అంటే లిక్విడ్‌ను ఆవిరి చేసే భాగం, పెద్ద సమస్యగా తయారైంది. అందులో కొత్త కాయిల్ (వేడెక్కే తీగ చుట్ట) వేసిన కొద్ది రోజులకే లిక్విడ్ రుచి పోయి మాడు వాసన వస్తోంది, పీల్చినప్పుడు గొంతు మండుతోంది. విప్పి చూస్తే తెల్లగా ఉండవలసిన దూది గోధుమరంగుకు మారి, తీగ చుట్ల మీద నల్లటి పెచ్చు కట్టి ఉంటోంది. అక్కడైతే వీధి చివరి దుకాణంలో ఇంకొకటి కొనుక్కునేవాడిని. ఇక్కడ తెలిసినవాళ్ల ద్వారా తెప్పించుకుంటే రెండింతలు, మూడింతల ధర చెబుతున్నారు; వచ్చిన సరుకు అసలుదో నకిలీదో తెలుసుకునే దారి లేదు. సిరామిక్ రకం మన్నుతుందని ఒకరు, మెష్ రకమే మేలని మరొకరు అంటున్నారు. మళ్లీ సిగరెట్టు ముట్టకూడదన్నది నా పట్టుదల. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (స్వస్థలం రాయగడ, ప్రస్తుతం ఇంగ్లండు)

ఆటమైజర్ మన్నిక దాని మీద ఉన్న కంపెనీ పేరు కంటే అందులో పోసే లిక్విడ్ మీద, దానికి ఇచ్చే వేడి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. లోపల ఉండేది ఒక తీగ చుట్ట, దాని చుట్టూ దూది మాత్రమే. తీగ వేడెక్కినప్పుడు దూదిలోని లిక్విడ్ ఆవిరవుతుంది, ఖాళీ అయిన చోటికి ట్యాంకులోంచి కొత్త లిక్విడ్ చేరుతుంది. తీపి రుచుల కోసం కలిపే సుక్రలోజ్ మాత్రం ఆవిరితో పూర్తిగా పోదు. మూకుడు అడుగున బెల్లం పాకం మాడినట్టు తీగ మీదే పేరుకుపోతుంది. మీరు చూసిన నల్లటి పెచ్చులో ఎక్కువ భాగం అదే అయివుంటుంది. తీపి తక్కువగా ఉన్న లిక్విడ్ వాడేవారికి అదే కాయిల్ రెండు మూడు వారాలు నడవడం, తియ్యటిది వాడేవారికి వారం లోపే మాడిపోవడం ఇక్కడ అందరికీ తెలిసిన విషయం.

రెండవ కారణం చిక్కదనం. గ్లిజరిన్ పాలు ఎక్కువగా ఉన్న లిక్విడ్ చిక్కగా ఉండి చిన్న రంధ్రాల గుండా నెమ్మదిగా దిగుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువగా ఉన్నది పలచగా ఉండి త్వరగా దిగుతుంది. కోరాపుట్ కొండల మీద చలికాలంలో వాడితే చిక్కటి లిక్విడ్ మరింత గట్టిపడి, దూది తడిసేలోపే తీగ వేడెక్కుతుంది. కొత్త కాయిల్ వేసినప్పుడు దూది మీద నాలుగు చుక్కలు వేసి, ట్యాంకు నింపి, పది నిమిషాలు ఆగాలి; అలా ఆగకుండా మొదలుపెడితే అది మొదటి దమ్ముకే చెడిపోతుంది. కాయిల్ మీద అచ్చువేసిన వాట్ల పరిమితి దాటినా అంతే. మాడు వాసనను ఓర్చుకుని పీల్చడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. దూది ఎండిపోయి గ్లిజరిన్ మితిమీరి వేడెక్కినప్పుడు అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషపదార్థాలు పుడతాయి.

మీరు అడిగిన రకాల విషయానికి వస్తే, సన్నటి లోహపు జాలీ ఉండే మెష్ కాయిల్ వేడిని ఆ జాలీ అంతటా సమానంగా పంచుతుంది గనుక ఒకచోటే మాడడం తక్కువ, కానీ లిక్విడ్, బ్యాటరీ రెండూ త్వరగా ఖర్చవుతాయి. సిరామిక్‌లో దూది మాడే బెడద ఉండదు గానీ చిక్కటి లిక్విడ్ దానికి సరిపడదు. అన్నిటికంటే చవకగా నడిచేది మనమే తీగ చుట్టుకుని దూది మార్చుకునే రకం. ఇక్కడ దానికి పైసల్లో ఖర్చు. అయితే తీగ నిరోధం ఓమ్ మీటరుతో కొలవకుండా, బ్యాటరీ ఎంత విద్యుత్తు ఇవ్వగలదో తెలియకుండా ఆ పనికి దిగితే బ్యాటరీ పేలే ప్రమాదం ఉంది. ఇదంతా ఇంగ్లండులో చెల్లుతుంది. ఇక్కడ ట్యాంకు 2 మిల్లీలీటర్లు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం ఉంది గనుక దుకాణంలో కొన్నదానికి ఒక లెక్క ఉంటుంది. మన దేశంలో సంగతి వేరు. అది తెలిసినవారు చెప్పడం మంచిది.

జవాబు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

న్యాయవాద వృత్తిలో ఉన్నాను గనుక పై మిత్రుడు వదిలిన చోట అందుకుంటాను. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో చట్టంగా మారిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఇందులో మీరు గమనించవలసిన మాట ఒకటుంది: తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ అన్నవి పూర్తి పరికరానికే కాక, అందులోని ఏ భాగానికైనా నిషిద్ధమే. అంటే కాయిల్ ఒక్కటే, ఆటమైజర్ ఒక్కటే తెప్పించాను అన్న వాదన నిలవదు. నికోటిన్ లేని లిక్విడ్ అన్నా నిలవదు. మొదటిసారి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెట్టుకోవడానికి తెలిసి చోటిచ్చినవారికి కూడా ఆరు నెలల వరకు జైలు, లేదా యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

సొంతానికి పీల్చినందుకే శిక్ష వేసే సెక్షన్ చట్టంలో విడిగా లేదన్నది నిజమే. అయినా మీకు ఆ కాయిల్ చేరవేసే ప్రతి ఒక్కరూ నేరం చేస్తున్నట్టే, గల్ఫ్ నుంచి వచ్చే బంధువు చేత సంచిలో తెప్పించుకుంటే అది దిగుమతి కిందికి వస్తుంది. మీ కోసం ఆయన విమానాశ్రయంలో ఇబ్బంది పడడం న్యాయం కాదు. నిషేధం ఉన్నచోట సరుకు మీద ఎవరి తనిఖీ ఉండదు గనుక లిక్విడ్‌లో ఏం కలిపారో కూడా తెలియదు. అమెరికాలో 2019లో వేప్ వాడినవారి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఉదంతంలో, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించారు. ఎక్కువగా అనధికారికంగా దొరికిన గంజాయి ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌కూ ఆ జబ్బుకూ గట్టి సంబంధం ఉన్నట్టు తేలింది.

ప్రశ్న అడిగినవారు

వకీలు గారికి, రాయగడ మిత్రునికి కృతజ్ఞతలు. విడిభాగాలకు కూడా నిషేధం వర్తిస్తుందని నాకు తెలియదు. ఇక తెప్పించను. కానీ ఉన్న కాయిల్ కూడా అయిపోతే సిగరెట్టు వైపు మనసు లాగుతుందన్న భయం ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్ ఒకసారి నమిలి చూస్తే గొంతు మండి, ఎక్కిళ్లు వచ్చి పారేశాను. దానికి బదులు ఇంకేమైనా ఉందా?

జవాబు (ఛత్రపురం, గంజాం జిల్లా)

మందుల షాపు నడుపుతున్నాను. గోపాలపురం వైపు మన తెలుగు జాలరి పేటల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మల అంగిలి తెల్లబడి, బొబ్బలెక్కి ఉండడం చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి గనుక, మానాలనుకున్న మనిషి ఎదురైతే ఎంత సేపైనా కూర్చుని చెబుతాను.

గమ్ పారేయకండి, నమిలే తీరు మార్చండి. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ అంతా లాలాజలంతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లకు, మంటకు కారణం అదే. నెమ్మదిగా నాలుగైదు సార్లు నమిలి, కారంగా చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమిలి ఇంకో పక్క పెట్టుకోండి. ఒక్కొక్కటి ఇలా అరగంట వస్తుంది. నోటి లోపలి పొర గుండానే నికోటిన్ ఒంటికి పట్టాలి గనుక నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగకూడదు. వాటి పులుపు దాన్ని పట్టనివ్వదు. 2 మిల్లీగ్రాముల గమ్‌కు డాక్టరు చీటీ అక్కరలేదు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి దమ్ము కావలసివచ్చేవారికి 4 మిల్లీగ్రాములది సరిపడవచ్చు, దానికి డాక్టరు చీటీ కావాలి. మొదటి ఆరు వారాలు గంట నుంచి రెండు గంటలకు ఒకటి, తరువాతి మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి చొప్పున తగ్గించుకుంటూ రావాలి. గుండె జబ్బు ఉన్నా, రక్తపోటు మందులు వాడుతున్నా ముందుగా బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఓ.పి.లో చూపించుకోండి. మనసు మరీ లాగిన పూట 1800-11-2356కు ఫోన్ చేయండి, అది పొగాకు మానాలనుకునేవారి కోసం ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సహాయ నంబరు.

ఒక ముఖ్యమైన మాట. ఇంట్లో మిగిలిన లిక్విడ్ సీసా పిల్లలకు అందేచోట ఉంచవద్దు. కొద్దిగా మింగినా చిన్న పిల్లలకు ప్రాణాపాయం, చర్మం మీద ఒలికినా నికోటిన్ ఒంటికి పడుతుంది. పాత బ్యాటరీని తాళాలు, చిల్లర ఉన్న జేబులోనో, చెత్తబుట్టలోనో వేయకుండా దాని రెండు కొసలకూ టేపు అంటించి, పాత మొబైల్ బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.