సమస్యాపూరణం: ఊరు పెరుగకున్న నూరు పెరుగు

పృచ్ఛకుడు, బసవనగుడి

నేనిచ్చిన చిక్కు పాదంతో ముగిసేలా మీరు పద్యం పూర్తి చేయాలి. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*ఊరు పెరుగకున్న నూరు పెరుగు*

ఉన్నన్ + ఊరు కాబట్టి యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే జోడీ) చక్కగా కుదిరింది. విషయం మన బెంగళూరు తెలుగువాళ్లలో చాలామంది రాత్రిళ్లు ఆడే ఊరు కట్టే కంప్యూటర్ ఆట, సిటీస్: స్కైలైన్స్. ఫిన్లాండ్ సంస్థ కొలోసల్ ఆర్డర్ 2015లో తెచ్చిన ఆట. 25 పలకల నేలలో మొదట ఒక్కటే చేతికిస్తారు. ఒక్కోటి పక్కకు దాదాపు 2 కిలోమీటర్లున్న చదరం. జనాభా మైలురాళ్లు దాటేకొద్దీ మరొకటి, మరొకటి కొనుక్కోవచ్చు, అదీ మామూలుగా మొత్తం 9 వరకే. ఉన్న చోటులో ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో తెలియడమే ఆటంతా. ఊరు పెరగకపోతే ఊరెలా పెరుగుతుంది? విరోధం విడగొట్టండి. ఆటలో జరగనిది పద్యంలో చెప్పకండి.

మారతహళ్లి తమ్ముడు

*ఒక్కసారి యిండ్ల నూరంత పరచిన*
*నందరొక్కనాడె యవని వీడు*
*కొద్దికొద్దిగాను గూర్చిన నిలుచును*
*ఊరు పెరుగకున్న నూరు పెరుగు*

పృచ్ఛకుడు

భావం బంగారం తమ్ముడూ. కొత్తగా ఆడేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇది. ఒకేసారి పేటలకు పేటలు ఇళ్లకు కేటాయిస్తే, ఇంచుమించు ఒకే వయసు జనం ఒక్కుమ్మడిగా వచ్చి చేరతారు. వాళ్లంతా ఒకేసారి ముసలివాళ్లై ఒకేసారి పోతారు. శవవాహనాలు చాలవు, శవాలు ఇళ్లలోనే ఉండిపోతాయి, ఇళ్లు ఖాళీ అవుతాయి. విడతలు విడతలుగా కేటాయిస్తే వయసులు కలగలిసి ఆ గండం గడుస్తుంది.

కానీ 'అందరు… వీడు' అంటే వచనం తప్పింది, 'వీడుదురు' అనాలి. రెండో పాదం ఇలా మార్చి చూడు:

*జనము మొత్త మొక్క దినమె చచ్చు*

జన–దిన ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరం కలవడం). 'ఒక్క దినమె' కొంచెం అతిశయోక్తే గాని, పద్యానికి ఆ మాత్రం ఉండొచ్చు.

కోరమంగళ సభ్యుడు

*అప్పు చేసి కొన్న నన్ని పలకలును*
*నీరు కరెంటు లేక నిలువ దేది*
*ఉన్నదానితోనె యోపిక పట్టుమా*
*ఊరు పెరుగకున్న నూరు పెరుగు*

మల్లేశ్వరం అక్కయ్య

'కరెంటు' జగణమండీ (లఘువు, గురువు, లఘువు), అక్కడ ఉండాల్సిన సూర్యగణం కాదు. 'నీరు లేక యున్న నిలువ దేది' అంటే సరిపోతుంది. అసలు చిక్కు మొదటి పాదంలో ఉంది. మైలురాయి దాటనిదే పలక అమ్మరు కదా, అప్పు తెచ్చినా ఏం లాభం? మూడో పాదం మాత్రం నాకు చాలా నచ్చింది.

నా పూరణ:

*అడ్డమాగిపోవ నంబరమంటగ*
*నిలువు మేడలెత్త నేర్వవలయు*
*చెరువుగట్టు దాటి చేరకుమయ్యరో*
*ఊరు పెరుగకున్న నూరు పెరుగు*

పృచ్ఛకుడు

అడ్డంగా పెరగక నిలువుగా పెరగడం: విరోధం ఇంత తేలిగ్గా విడిపోయింది! అయితే అక్కయ్యా, ఎత్తు మేడల కేటాయింపు ఆటలో మొదటే దొరకదు, కొన్ని మైలురాళ్లు దాటాలి. అందాకా చిన్న ఇళ్లతోనే నెట్టుకురావాలి. 'నేర్వవలయు'లో ఆ ఆలస్యం ధ్వనించింది కాబట్టి ఒప్పుకుంటున్నాను.

మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. మెజెస్టిక్ బస్టాండ్ ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. మన ఊరు గట్టు దాటేసింది. పద్యంలోనైనా గట్టు నిలబెట్టినందుకు నమస్కారం.

యలహంక అన్నయ్య

*రెండు గళ్ళ బాట రేపు నాల్గగునని*
*వదలిపెట్టుకొన్న పదిలమగును*
*ఖాళి జాగ జూచి కలవరపడకుమా*
*ఊరు పెరుగకున్న నూరు పెరుగు*

పృచ్ఛకుడు

ఇదీ పూరణంటే. ఆటలో చిన్న రోడ్డు వెడల్పు 2 గళ్లు, ఆరు వరుసల రోడ్డు 4 గళ్లు. గడి 8 మీటర్లు. ఇరుపక్కలా ఇళ్లు కిక్కిరిశాక రోడ్డు వెడల్పు చేస్తే, ఆ ఇళ్లన్నీ కూలతాయి. పన్ను పోతుంది, జనాభా పడిపోతుంది. ముందే ఇరుపక్కలా చోటు ఖాళీగా వదిలినవాడికి ఆ నష్టం లేదు. సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో సాయంత్రం నిలబడ్డవాళ్లకు ఈ పద్యం విడమరిచి చెప్పక్కర్లేదు.

రెం–రే యతి, వద–పద ప్రాసయతి, రెండూ నిర్దుష్టం. 'నాల్గగునని' నోటికి హాయిగా తిరిగింది. ఒక్కటే లోటు: ఖాళీని 'ఖాళి' అని కుదించడం చెవికి గుచ్చుకుంటోంది.

యలహంక అన్నయ్య

నిజమేనండీ, రాస్తున్నప్పుడే అనుమానం వచ్చింది. ఇలా అంటే?

*బీడు జాగ జూచి బెదరిపోవలదయ్య*

మల్లేశ్వరం అక్కయ్య

ఇదే ఉంచండి అన్నయ్యా. 'కలవరం' కన్నా 'బెదరడం' దగ్గరగా ఉంది. గళ్లు ఖాళీగా కనిపిస్తుంటే మా అబ్బాయి నిజంగానే బెదిరిపోయి ఏదో ఒకటి కట్టేస్తాడు.

పృచ్ఛకుడు

నాదీ అదే మాట. బీ–బె యతి కూడా కుదిరింది. ఈ వారం మేటి పూరణ యలహంక అన్నయ్యగారిదే. మారతహళ్లి తమ్ముడు సవరించిన పద్యం మళ్లీ పెట్టాలి. వచ్చే వారం దత్తపది, అంటే ఇచ్చిన నాలుగు మాటలూ పద్యంలో రావాలి: బాట, గట్టు, గడి, పలక. కందంలో రాయండి.