మన్‌హట్టన్ అంటే "మత్తెక్కిన దీవి" అనా, "విల్లుకర్ర ఏరుకునే చోటు" అనా?

పదవేరు:
న్యూయార్క్‌లోని ఈ దీవి పేరుకు అక్కడి ఆదివాసులైన లెనాపేల భాషలో "మనమంతా తాగి తూగిన దీవి" అని అర్థమనీ, మన్‌హట్టన్ అనే కాక్‌టెయిల్‌కు ఆ పేరు అందుకే పెట్టారనీ ఒక పోస్టులో రాశారు. రెండూ నిలవవు. మొదటి మాటకు మూలం మిషనరీ జాన్ హెకెవెల్డర్ 1819లో అచ్చువేసిన పుస్తకం. 1609లో వచ్చిన నావికుడు హెన్రీ హడ్సన్ ఓడ దిగి మద్యం పోశాడు, అందుకే ఆ పేరు అని అందులో ఉంది. అదే ఓడలో ఉన్న రాబర్ట్ జూయెట్ దినచర్య చూడండి. పెద్దలకు వైన్ పోసింది 1609 సెప్టెంబర్ 21న, ఇప్పటి ఆల్బనీ దగ్గర, అంటే దీవికి 200 కిలోమీటర్లకు పైగా ఎగువన. బాగా మత్తెక్కింది ఒక్కడికే. అక్టోబర్ 2న తిరుగుదారిలో ఆ ఒడ్డు పేరు "మన్నా-హాటా" అని రాసుకున్నాడు. అప్పటికే వాడుకలో ఉన్న పేరది.

నదిగట్టు:
హెకెవెల్డర్‌ను అంత తేలిగ్గా తోసెయ్యకండి. దశాబ్దాలు లెనాపేల మధ్య బతికిన మనిషి, వాళ్ల భాష వచ్చు. ఆ కథ ఆయన కల్పించింది కాదు, వాళ్లే చెప్పారు.

పదవేరు:
వాళ్లే చెప్పారు, ఒప్పుకుంటాను. స్థలపురాణం కూడా ఊరివాళ్లే చెబుతారండీ. వాళ్ల జ్ఞాపకానికి అది సాక్ష్యం, పదం పుట్టుకకు కాదు. మాటను విడగొట్టి చూడాలి. ఆ ప్రాంతంలో మాట్లాడిన లెనాపే మాండలికం మన్సీలో ఈ పేరు రూపం "మనహాహ్‌తాన్". "మనహ్" అంటే ఏరడం, "అహ్‌త్" అంటే విల్లు, చివరి "ఆన్" క్రియను కట్టే ప్రత్యయం. భాషావేత్త ఐవ్స్ గొడార్డ్ 2010లో వివరించింది ఇదే. దీవి దక్షిణపు కొసన హికరీ అనే గట్టి కర్ర చెట్ల తోపు ఉండేదనీ, విల్లులకు ఆ కర్ర శ్రేష్ఠమనీ 19వ శతాబ్దంలో నమోదైన మన్సీవాళ్ల మాట కూడా దీనికి సరిపోతోంది. జూయెట్ రాతలో మధ్యనున్న "హ"ను వదలకండి, "మనహ్" ముగిసి విల్లు ముక్క మొదలయ్యేది అక్కడే.

కొండగుర్తు:
మరి "అనేక కొండల దీవి" సంగతి? ఎక్కడ చూసినా అదే కదా.

పదవేరు:
ఆ వాదాన్ని యథాతథంగా తీసుకున్నా "దీవి", "కొండ" అనే రెండు ముక్కలే వస్తాయి. "అనేక" తర్వాత అతికించినది. పైగా 1610 నాటిదని చెప్పే వెలాస్కో పటంలో ఈ పేరు నదికి రెండు ఒడ్డుల మీదా ఉంది. దీవి అనే అర్థమే ఉంటే పడమటి ఒడ్డుకు ఆ పేరెందుకు?

నదిగట్టు:
ఆ పటం ప్రామాణ్యం మీదే తగాదా ఉంది, దాని మీద ఎక్కువ బరువు పెట్టకండి. జూయెట్ తేదీల వాదన మాత్రం గట్టిది. మత్తు కథ పేరు కంటే తర్వాతిదని ఒప్పుకుంటున్నాను.

కొలపాత్ర:
కాక్‌టెయిల్ సంగతి నేను చెబుతాను. 60 మిల్లీలీటర్ల రై ధాన్యపు విస్కీ, 30 తీపి వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్), రెండు చిలకరింపులు అంగోస్టురా బిట్టర్స్ (చేదు మూలికల సారం). ఐసుతో అర నిమిషం కలిపి వడగట్టాలి. కుదిపితే గాలి బుడగలు చేరి మసకబారుతుంది. అచ్చులో ఈ పేరు కనిపించేది 1882 నుంచి. న్యూయార్క్ గవర్నర్‌గా శామ్యూల్ టిల్డెన్ గెలిచిన విందులో విన్‌స్టన్ చర్చిల్ తల్లి దీన్ని చేయించిందనే కథా నిలవదు. ఆ ఎన్నిక 1874 నవంబర్‌లో జరిగింది, ఆ నెల 30నే ఆమె ఇంగ్లండ్‌లో చర్చిల్‌ను కన్నది. పానీయానికి పేరు దీవి నుంచి వచ్చింది, లెనాపే పదం అర్థం నుంచి కాదు.